నూనె మరకల నోటుపుస్తకం

నా నోటుపుస్తకాన్ని వాళ్లు తిరిగి ఇవ్వలేదు. నా ఇంజన్‌ను చూడటానికి ఒక్కరూ రాలేదు. చూడకుండానే పనికిరాదన్నారు.

ఇంజన్ చిన్నదే. మూడు సిలిండర్ల కారుది, గౌలిగూడలో పాత ఇనుము దుకాణంలో దొరికింది. దాన్ని సొంతంగా కట్టుకునే చిన్న విమానానికి తగ్గట్టు మార్చాలని నా పట్టుదల. నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. మిగతా చదువంతా ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాల్లోనే. అలా కొన్న విమాన ఇంజన్ల పుస్తకంలో చివరి అధ్యాయం చిరిగిపోయి ఉంది. నాకు కావలసింది సరిగ్గా అదే. కారు ఇంజన్ బలమంతా వేగంగా తిరిగినప్పుడే బయటికొస్తుంది. ప్రొపెల్లర్‌కు అంత వేగం పనికిరాదు, సగానికి తగ్గించాలి. ఎలాగో నేనే వెతుక్కున్నాను: ఒక చిన్న చక్రం, ఒక పెద్ద చక్రం, రెంటినీ కలుపుతూ పళ్ల బెల్టు. మూడు బెల్టులు తెగాయి, నాలుగోది నిలిచింది.

రెక్కలు చేసింది నా స్నేహితుడు. మెదక్ నుంచి వచ్చి నాంపల్లిలో స్థిరపడిన వడ్రంగి, చర్చి బెంచీలు చేసేవాడు. ఆదివారం చుట్టుపక్కల దుకాణాలు మూసి ఉంటాయి, చప్పుడుకు ఎవరూ తిట్టరు. ఆ రోజే మా ఇంటి వెనక షెడ్డులో ఇంజన్‌ను ఇనుప స్టాండుకు బిగించి, ప్రొపెల్లర్ తగిలించి గంటసేపు నడిపేవాణ్ణి. ఆయన ప్రార్థన ముగించుకుని అదే తెల్లచొక్కాతో వచ్చేవాడు.

పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసి, "తాతా, జర మా దిక్కు తిప్పుండ్రి, బట్టలన్న ఆర్తయ్" అనేది.

"విమానం సంగతేమో గని అన్నా, ఈ గాలికి నేనే లేసేటట్టున్న" అని ఆయన నవ్వేవాడు.

గంట అవగానే నోటుపుస్తకంలో రాసేవాణ్ణి: వేగం, నీళ్ల వేడి, నూనె ఒత్తిడి, ఎక్కడ వణికింది. కింద సాక్షిగా ఆయన సంతకం. అలా యాభై ఆదివారాలు. కారు ఆగితే పక్కకు నెట్టుకోవచ్చు, ఆకాశంలో పక్క అనేది లేదు. అందుకే ఒక్క వణుకునూ దాచలేదు.

విమానాలకు అనుమతులిచ్చే ఆఫీసును నేను కోరింది ఒకటే. ఒక్క ఆదివారం వచ్చి, గంటసేపు నిలబడి చూడండి, తప్పుంటే చెప్పండి. దరఖాస్తుతో నోటుపుస్తకం కూడా పెడుతుంటే స్నేహితుడు ఆపాడు.

"జిరాక్స్ పంపన్నా. అసలుది దగ్గర పెట్టుకో."

"జిరాక్స్‌ల నూనె మరక ఉత్త నలుపే కనపడ్తది. అది నూనె అని వాళ్లకెట్ల తెల్వాలె?"

"మరక జూసి పర్మిషన్ ఇస్తరా ఏంది?"

వినలేదు. అసలుదే పంపాను.

రెండు నెలలైనా ఉలుకూ పలుకూ లేకపోతే ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా నా కాగితం తిరగేసి, "పెద్దాయనా, ఏ కాలేజీల చదివిన్రు?" అన్నాడు.

"అబిడ్స్ ఫుట్‌పాత్ మీద."

"ఔ, అది ఆదివారమే తెరుస్తరు గద!" అన్నాడు. పక్క సీటాయన నవ్వాడు. నేనూ నవ్వాను. అది తలచుకుంటే నా మీద నాకే ఇప్పటికీ కోపం.

"కారింజన్ కారుకే సార్. గాలిలకు పనికిరాదు" అన్నాడు గుమాస్తా.

"వచ్చి చూడుండ్రి ఒక్కపారి."

"చూసుడేంది, రూల్స్‌ల రాసే ఉంది."

"మరి నా పుస్తకం?"

"పైకి పోయింది."

ఆ వర్షాకాలం స్నేహితుడు దవాఖానలో చేరాడు. "బుక్కు వచ్చిందా అన్నా?" అన్నాడు నన్ను చూడగానే. వస్తుందన్నాను. "వస్తే పట్టుకరా. ఆఖరి ఆదివారం సంతకం మరిసిన" అన్నాడు. వారం తిరక్కుండానే పోయాడు. గుడ్డ సగమే తొడిగిన రెక్కలు ఆయన ఇంట్లో దూలానికి అలాగే వేలాడుతున్నాయి.

ఇంజన్ ఇప్పటికీ నడుస్తుంది. ఈ వయసులోనూ ఇంకో యాభై ఆదివారాలు నడపగలనేమో. ఆ సంతకాలు ఎక్కడి నుంచి తేను? ఇంజన్ మాట వదిలేశాను, నా పుస్తకం నాకిమ్మని అయిదు ఉత్తరాలు రాశాను. చివరికి జవాబొచ్చింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని నేనే తెలుగు చేశాను, ఒక్క మాటా కలపలేదు:

"మీ నోటుపుస్తకం నిర్ణీత నమూనాలో లేనందున దానిని రికార్డుగా పరిగణించలేదు, అవసరం లేని ఇతర కాగితాలతో పాటు నాశనం చేయడమైనది. ఇంజన్ విషయమై తిరిగి దరఖాస్తు చేసుకోదలచినచో, అది నడిచిన గంటల అసలు పుస్తకమును, సాక్షి సంతకములతో సహా, జతపరచగలరు."