తాళం పడిన ఇంటి తిన్నె మీద నంజుండప్ప

పోయిన నెల ఒక ఉదయం మదనపల్లెలో నేను తెలుగు చెప్పే పాఠశాలకు పోతుంటే, కుప్పం నుంచి వచ్చిన బస్సు కండక్టరు నన్ను చూసి కిందికి దిగి వచ్చాడు. "అయ్యోరా, మన ఫోటో నంజుండప్ప నిన్న మధ్యాన్నం పోయినాడంట. కాఫీ తాగతా తాగతా అట్నే గోడకు వాలినాడంట" అన్నాడు. నాకు కోపం వచ్చింది. పొద్దున్నే ఏం మాటలయ్యా ఇవి అని కసురుకున్నాను కూడా. వారం కిందటే నా పక్కన కూర్చుని బొరుగులు తిని, నా తెలుగును వెక్కిరించి పోయిన మనిషి పోవడమేమిటి? కండక్టరు ముఖం చూశాక గాని నాకు నిజం తలకెక్కలేదు. సెలవుచీటీ కూడా రాయకుండా అదే బస్సు వెనక్కి మళ్ళేదాకా కూర్చుని, కుప్పం చేరాను.

ఆత్మీయ మిత్రుని భౌతికకాయాన్ని చూసి దుఃఖించే వ్యవధి కూడా ఆ ఇంట నాకు దొరకలేదు. నంజుండప్ప అన్న మునివెంకటప్ప పంచాంగం చూసే స్వామిని అప్పటికే పిలిపించాడు. పోయిన గడియ ధనిష్ఠా పంచకంలో పడిందని స్వామి తేల్చాడు. ఆ నక్షత్రాల్లో ప్రాణం పోతే మా సీమలో ఇల్లు విడిచిపెడతారు. కర్మలు కాగానే ఇంటికి తాళం వేసి, ఉన్నవాళ్ళందరూ వేరే చోటికి పోయి, ఆరు నెలలు దాటాక శాంతి చేయించుకుని తిరిగి వస్తారు. అలా చేయకపోతే ఆ ఇంట మళ్ళీ చావు తప్పదంటారు. "ఇల్లు మూసెయ్యాల్సిందేమ్మా. మన శాంతిపురానికొచ్చేయ్" అని మునివెంకటప్ప మరదలు సరోజమ్మతో అన్నాడు. ఆమె తల ఎత్తలేదు. ఆ మాట ఆమె గుండెలో ఎక్కడ దిగిందో అక్కడున్నవాళ్ళలో నాకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. అది చెప్పాలంటే నంజుండప్ప సంగతి చెప్పాలి.

శాంతిపురం దగ్గర చెనిక్కాయల చేలు చేసుకునే ఇంట పుట్టినవాడు నంజుండప్ప. చదువు అబ్బక, సేద్యం ఒంటబట్టక మద్రాసు పారిపోయి, స్టూడియోల్లో కెమెరాలు మోస్తూ ఆ విద్య నేర్చాడు. కొన్నేళ్ళకు అదీ చాలనుకుని కుప్పంలో స్టేషనుకు పోయే దారిలో ఫోటో స్టూడియో పెట్టుకున్నాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. పెళ్ళిళ్ళకు బతిమాలితే గాని రాని ఈ మహానుభావుడు, చావు ఇళ్ళకు మాత్రం పిలవకముందే పోయేవాడు. దండలు వేసి కూర్చోబెట్టిన శవానికి ఫోటో తీయడం మా ప్రాంతంలో ఉన్నదే. తీసే ముందు ఈయన ఆ మనిషి దగ్గరికి పోయి, ఒంగి, "అమ్మా, ఫోటో తీస్తాండాను" అని మెల్లగా చెప్పేవాడు. ఎందుకయ్యా అంటే, "సెప్పకుండా తీస్తే ఉలిక్కిపడరా?" అనేవాడు. నవ్వుతూ అనేవాడు కాదు.

డెబ్బైల చివరలో ఒకనాడు పుంగనూరులో మా పద్యనాటకం చూసి, రంగు కడుక్కుంటున్న నా దగ్గరికి వచ్చాడు. సినిమా తీస్తున్నానని, అందులో నాకు ముఖ్యపాత్ర అని చెప్పాడు. నా గంభీర కంఠస్వరానికి ఇన్నాళ్ళకు గుర్తింపు వచ్చిందని ఉప్పొంగిపోయాను. ఏం వేషమన్నాను. "దయ్యం అయ్యోరా" అన్నాడు. మాటలెన్ని ఉంటాయన్నాను. "ఒకటీ లేదు" అన్నాడు. రాగం తీస్తే మూడు ఊళ్ళకు వినబడే మనిషిని వెతికి పట్టుకుని మూగ దయ్యాన్ని చేసిన ఘనత లోకంలో ఆయనొక్కడికే దక్కాలి.

చిత్రం పేరు 'ఇంట్లో ఉన్నాడు'. ఒక రైతు చెడు నక్షత్రంలో చనిపోతాడు. కుటుంబం ఇంటికి తాళం వేసి పోతుంది. చనిపోయినవాడు లోపలే ఉండిపోతాడు. కథ అంతే. తక్కిన చిత్రమంతా ఆ ఇల్లే, అందులో తిరిగే ఆ మనిషే. తెల్లగుడ్డ కప్పుకోవాలా, కాళ్ళు వెనక్కి తిరిగి ఉండాలా అని నేను నా పాండిత్యం ప్రదర్శించాను. "అది పగ పట్టిన దయ్యం అయ్యోరా. ఈయప్పకు ఎవురి మీదా పగ లేదు. పెండ్లాం బిడ్డలు యాడికి పోయినారో తెలీక నిలబడుకోని ఉండాడు. అంతే. మీ పంచె మీరు కట్టుకోని రండి" అన్నాడు.

పుంగనూరులో ఎవరూ కాపురం లేని ఒక పాత మిద్దెలో చిత్రీకరణ జరిగింది. రంగస్థలం మీద చెయ్యి ఊపనిదే మాట రాని నాకు, ఊరికే నిలబడడమంత కష్టం మరొకటి లేదని అక్కడ తెలిసింది. గోడ మీద ఎండ జరిగి మూలకు పోయేదాకా నన్ను కదలనిచ్చేవాడు కాదు. ఒకసారి నాకు నిజంగానే దుఃఖం పొంగి కళ్ళ నీళ్ళు కారాయి. అద్భుతంగా వచ్చిందనుకున్నాను. ఆయన కెమెరా ఆపి తువ్వాలు ఇచ్చాడు. "దయ్యానికి కన్నీళ్ళు యాడివి? ఏడిసేదానికి ఒళ్ళుండాల గదా. ఏడుపు రాక అల్లాడతాండాడు ఆ మనిషి" అన్నాడు. కరుణరసాన్ని ఎన్ని ఏళ్ళు పాఠం చెప్పానో! ఆ మాట ఏ అలంకారశాస్త్రంలోనూ నేను చదవలేదు.

కుటుంబం ఇంటికి తాళం వేసే ఘట్టం తీయాల్సిన రోజు వచ్చింది. అంతా సిద్ధమైంది. అందరూ నిలబడి ఎదురుచూస్తున్నారు. నంజుండప్ప మొదలుపెట్టమని చెప్పడు. కాసేపటికి కెమెరా వదిలేసి పోయి తిన్నె మీద కూర్చున్నాడు. నేను పోయి పక్కన కూర్చున్నాను. అప్పుడు చెప్పాడు.

నంజుండప్పకు, సరోజమ్మకు గౌరి అని ఒక్కతే కూతురు ఉండేది. ఏడేళ్ళ పిల్ల. విషజ్వరం వచ్చి పోయింది. ఆ గడియా ఇట్లాంటిదే. పెద్దలు చెప్పినట్టు కుప్పం ఇంటికి తాళం వేసి ఆలుమగలు శాంతిపురం పోయారు. "పక్క గదిలోకి పోవాలన్నా వాళ్ళమ్మ కొంగు పట్టుకోని పోయే బిడ్డ అయ్యోరా. దాన్ని ఒంటిగా లోపల పెట్టి తాళమేసి వచ్చేసినాము" అన్నాడు. ఆ ఆరు నెలలూ ఆయన రోజూ శాంతిపురం నుంచి కుప్పం వచ్చి, స్టూడియో తెరవకుండా, తాళం వేసిన తన ఇంటి తిన్నె మీద పొద్దుగూకేదాకా కూర్చునేవాడట. తలుపు అవతలికి వినబడేటట్టు, రైలు పోతుంటే రైలు పోతోందని, వాన వస్తుంటే వాన వస్తోందని చెబుతుండేవాడట. దారిన పోయేవాళ్ళు మతి పోయిందనుకున్నారు. "మతి ఉండబట్టే కూసున్న్యా" అన్నాడు నాతో.

మరి సినిమాలో బిడ్డను కాదని నన్నెందుకు పెట్టావని అడిగాను. "బిడ్డను ఆడ నిలబెట్టి కెమెరాలో సూసే ధైర్యం నాకు లేదు" అని లేచిపోయాడు. ఆ ఘట్టం ఆ రోజే తీశాడు. చిత్రంలో ఆ చోట కెమెరా కొంచెం వణుకుతుంది. సాంకేతిక లోపమని తరువాత ఎవరో ఒక పత్రికలో రాశారు. నాకు ఒళ్ళు మండింది. ఆయన మాత్రం అవునులే అని ఊరుకున్నాడు.

ఆ తరువాత నేను ఒకటి గమనించాను. ఆరు నెలలు గడిచి ఇల్లు తెరిచిన నాటి నుంచి ఆ దంపతులు ఏనాడూ ఇద్దరూ కలిసి గడప దాటలేదు. పెళ్ళికి ఆయన వస్తే ఆమె ఇంట్లో. ఆమె పుట్టింటికి పోతే ఈయన ఇంట్లో. మా అమ్మాయి పెళ్ళికి ఇద్దరూ రాలేదని మా ఆవిడ నిష్ఠూరమాడితే, "ఎవురో ఒకరు ఉండాల గదమ్మా ఇంట్లో" అన్నాడు. బిడ్డ ఇంకా అక్కడే ఉందని ఆయన ఎన్నడూ నోరు తెరిచి అనలేదు. లేదని కూడా అనలేదు. తమ బతుకంతా వంతులవారీగా ఆ ఇంట్లో కావలి ఉన్నారు, తల్లి కొంతసేపు, తండ్రి కొంతసేపు.

చిత్రం పూర్తయ్యాక పుంగనూరు డేరా హాలులో వేశారు. హాలు యజమాని కోరలు, రక్తం బొమ్మ గీయించి గోడల మీద అంటించాడు. జనం విరగబడి వచ్చారు. నేను తెర మీద నిలబడే ఉన్నాను, నేల మీద కూర్చున్నవాళ్ళు "దయ్యమెప్పుడొస్తాదప్పా?" అని కేకలు. తలుపు దృశ్యం చాలాసేపు కదలకపోయేసరికి యంత్రం చెడిందనుకుని ఆపరేటరు ఆపేసి చూశాడు. సగం మంది లేచిపోయారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. నంజుండప్ప మాత్రం నేల మీద కూర్చుని బీడీ కాలుస్తూ, "మంచిదే లెండి, గాలాడతాది" అన్నాడు.

ఆట అయ్యాక ఒక ముసలామె మాత్రం లేవలేదు. కురబలకోట వైపు గొర్రెలు మేపుకునే ఆమె, కూతురింటికి వచ్చి ఉందట. నంజుండప్ప చేయి పట్టుకుని, "మా ఇల్లూ మూసినాము నాయనా. మా ఆయన గూడా లోపల ఇట్లే ఉన్న్యాడా?" అంది. ఆయన ఆమె పక్కనే చతికిలబడి, "నాకు తెల్దమ్మా. ఉండింటే మాత్రం నీ మీద కోపంతో ఉండడు" అన్నాడు. ఆమె ఏడ్చింది. చాలాసేపు ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, తేలికపడి పోయింది. తరువాత మదనపల్లెలో చదువుకున్నవాళ్ళు సభ పెట్టి ఆ చిత్రాన్ని ఎన్నో సంస్కృత సమాసాలతో పొగిడారు. ఆ సమాసాల్లో కొన్ని నావే. కానీ ఆ చిత్రానికి దక్కిన గౌరవం ఆ ముసలామె ఏడుపే అని ఈనాటికీ నా నమ్మకం.

ఇంకో సినిమా ఎందుకు తీయవని ఎన్నిసార్లు పోరానో. "సెప్పేది ఒకటే ఉన్నింది. సెప్పేసినా" అనేవాడు. మళ్ళీ స్టూడియో, మళ్ళీ చావు ఇళ్ళు, మళ్ళీ ఆ ఇంటి వంతు. అంతటి కళాకారుడు దీపం కింద నీడలా మా కుప్పంలో బతికి పోయాడే అని నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది. ఆయనకు ఆ బాధ లేదు, అది నా బాధే.

అందుకే ఆనాడు ఇల్లు మూయాలన్న మాట వినగానే నేను ముందు సరోజమ్మ వంకే చూశాను. ఇన్నేళ్ళు ఇద్దరు కాచిన కావలి. ఒకరు పోయారు. ఇక ఆమెనూ వెళ్ళగొడితే ఆ తల్లి ఏమైపోతుంది? మళ్ళీ బిడ్డను లోపల పెట్టి తాళం వేయమంటే ఆమె గుండె తట్టుకుంటుందా? కర్మల చివరి రోజున నేను మునివెంకటప్పతో గట్టిగా వాదించాను. శాస్త్రాలు ఉటంకించాను. ఒక్క గది మూస్తే చాలుననే పక్షం కూడా ఉందన్నాను. ఆయన దుర్మార్గుడు కాడు. తమ్ముడు పోయి కుమిలిపోతున్న మనిషి. "ఇప్పటికే ఇద్దరు పోయినారు గదా అయ్యోరా ఈ ఇంట్లో. ఈమెకేమన్నా అయితే మీరొస్తారా జవాబు సెప్పేదానికి?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అయినా నేను గొంతు తగ్గించలేదు.

అప్పుడు సరోజమ్మ లోపలి నుంచి వచ్చింది. చేతిలో గుడ్డల మూట ఉంది. నన్ను చూసి, "అరవొద్దండి అయ్యోరా. మూసేయనీండి" అంది.

"అమ్మా, మరి బిడ్డ..." అని ఆగిపోయాను. ఆ మాట ఆమెతో ఎన్నడూ ఎత్తినవాణ్ణి కాను.

ఆమె వెనక్కి తిరిగి ఇంటిని ఒకసారి చూసింది. "అప్పుడు బిడ్డ ఒంటిగా ఉన్నింది గదా, దానికే ఏడిసినాము. ఇప్పుడు నాయన పోయినాడు దాని దగ్గరికి. ఇన్నేండ్లకు ఇద్దరూ ఒక తావున ఉండారు. నేనెందుకు మధ్యలో? కొన్ని దినాలు వాళ్ళను ఉండనీండి" అంది.

మునివెంకటప్ప తలుపు మూశాడు. తాళం వేశాడు. ఆమె మూట చంకనబెట్టుకుని, బండి ఎక్కే ముందు తలుపు దగ్గరికి పోయి, "పోయొస్తానప్పా, బిడ్డ పైలం" అని చెప్పి వచ్చింది. నా మిత్రునికి నివాళి సమర్పించాలని నేను రాసుకుని తీసుకుపోయిన పద్యాలు జేబులోనే ఉండిపోయాయి. ఆ తల్లి మాట తరువాత అవి చదివే ముఖం నాకు లేదు. నంజుండప్ప వంటివాడు మా సీమకు మళ్ళీ రాడు. ఆ వాకిట నిలబడి చేతులు జోడించి, నా జీవితంలో మొదటిసారి గొంతెత్తకుండా ఏడ్చి, మదనపల్లె బస్సెక్కాను.