లవ్రీన్ ఓర్చుకోలేని పేరు

పోల్తావా దగ్గరి మా ఊళ్ళో లవ్రీన్ ఎవర్ని చూసీ కుళ్ళుకునే మనిషి కాదు, ఒక్క యుఖీమ్‌ని తప్ప. యుఖీమ్ ఎప్పుడో చచ్చిపోయాడు. అతని భార్య మోత్ర్యానే లవ్రీన్ పెళ్ళి చేసుకున్నాడు. అతని ఇంటికే ఇల్లరికం వచ్చినట్టు వచ్చాడు, అతని ఏడాది పిల్ల లుకియాను భుజాన మోసి పెంచాడు. ఇంటికి కొత్త కప్పు వేశాడు, పెరట్లో బావి తవ్వాడు. అయినా ఊరికది యుఖీమ్ ఇల్లే. ఆఖరికి ఆ బావి కూడా యుఖీమ్ బావే. పాపం, యుఖీమ్ అందులో చుక్క నీళ్ళు తాగి ఎరగడు.

అసలు తప్పు లవ్రీన్‌దే. వాళ్ళ పెళ్ళి రాసిన గుమాస్తాను నేనే. "పిల్లను దత్తత తీసుకో, తండ్రి పేరు దగ్గర నీ పేరే రాస్తాను" అన్నాను. మోత్ర్యా కూడా సరేనంది. ఇతగాడు పెద్ద మనసు చూపించాడు.

"చచ్చినవాడికి ఇంకేం మిగిలిందక్కా, పేరన్నా ఉండనీ."

పిల్ల చిన్నగా ఉన్నన్నాళ్ళూ అందరికీ ఉత్త లుకియాయే, ఏ గొడవా లేదు. బళ్ళో పంతులమ్మ అయ్యాక మొదలైంది. పంతులమ్మను ఉత్త పేరుతో ఎవరు పిలుస్తారు? పక్కన తండ్రి పేరు చేర్చాల్సిందే. "లుకియా యుఖీమివ్నా, నమస్కారం" అని పిల్లలు, "లుకియా యుఖీమివ్నా, మావాడికి లెక్కలొస్తున్నాయా" అని తల్లులు. యుఖీమ్ కూతురనే ఆ పిలుపు రోజుకు వందసార్లు, అతని వాకిట్లోనే. విన్నప్పుడల్లా లవ్రీన్ మొహం మాడిపోయేది.

ఒకరోజు నా దగ్గరికొచ్చాడు. "ఇప్పుడు మార్చొచ్చా అక్కా?"

"దానికి పాతికేళ్ళొచ్చాయి. దాన్నే అడుగు."

అడగలేదు. అడగాలంటే సిగ్గు, ఊరుకుందామంటే కుళ్ళు.

లుకియాకు పెళ్ళయింది, ఆ ఇంట్లోనే కొడుకు పుట్టాడు. వీడికైనా తన పేరు పెడతారని లవ్రీన్ ఆశ. మోత్ర్యా ఒప్పుకోలేదు. "ఒకే కప్పు కింద ఒకే పేరుతో ఇద్దరుంటే ఒకరు పోతారు. నువ్వింకా బతికే ఉన్నావు కదయ్యా" అంది. పిల్లాడికి యుఖీమ్ అని పెట్టారు. నా చేత్తోనే రాశాను.

"అయితే పేరు కావాలంటే చావాలన్నమాట" అన్నాడు లవ్రీన్. "ముందే చెప్పుంటే అతగాడికంటే ముందే పోయేవాణ్ణి."

ఆ పేరు మాత్రం అతని నోట రాలేదు. మనవణ్ణి "ఒరే చిన్నోడా" అనేవాడు. సైకిలు మీద తిప్పిందీ ఈత నేర్పిందీ మాత్రం తనే.

వాడి ఐదో ఏట, ఈస్టర్ తర్వాతి ఆదివారం, ఎప్పట్లాగే ఊరంతా, పోయినవాళ్ళకు పెట్టి మేమూ తినడానికి, తిండి మూటలతో సమాధుల దగ్గరికి వెళ్ళాం. లవ్రీన్ ఏటా కంచె దగ్గరే ఆగిపోయి సిగరెట్లు కాల్చేవాడు. పిల్లాడు యుఖీమ్ సిలువ పక్కన నిలబడి, రంగేసిన గుడ్డు ఒలుచుకుని తింటున్నాడు. పక్క సమాధి దగ్గరున్న తెక్లా ముసలిదానికి చూపు ఆనదు.

"ఎవరి పిల్లాడివిరా నువ్వు?" అని అడిగింది.

సిలువ మీద ఆ పేరు పెద్దక్షరాల్లో ఉంది. వాడి పేరూ అదే. వాడు గుడ్డు నములుతూనే, "లవ్రీన్ వాళ్ళ పిల్లాణ్ణి" అన్నాడు.

లవ్రీన్ సిగరెట్ పారేసి లోపలికొచ్చాడు. మోత్ర్యా చేతిలోని వోడ్కా సీసా తీసుకుని, మొదటి గ్లాసు సమాధి మీద పోశాడు.

"తాగు యుఖీమ్" అన్నాడు. ఆ పేరు అతని నోట వినడం నాకదే మొదలు. తర్వాత మనవడి వైపు తిరిగాడు. "యుఖీమూ, తాతకి గుడ్డు పెట్టరా."

"ఏ తాతకి?"

"ముందు ఆయనకి పెట్టు. నాకు తర్వాత."