మిలట్రీ దేవపాలు విప్పిన నాలుగు గుండీలు

మా ఊళ్ళో ఒక మనిషి కోటుకున్న ఇత్తడి గుండీల్లో నాలుగింటితో రెండు వందల మందిని, వాళ్ళు తెచ్చుకున్న బాంబులతో సహా, పట్టపగలు నడివీధిలోంచి ఇళ్ళకు పంపించాడు.

రెండు వందలన్నది కొంచెం ఎక్కువ. నన్ను చిన్నప్పుడు కాన్వెంటులో చదివించారు. అబద్ధమాడితే పొద్దుగూకేలోగా వెనక్కి తీసుకోవాలని సిస్టర్లు నేర్పారు. నాకది సగమే వంటబట్టింది, కాబట్టి సగం తీసేస్తున్నాను. నూరు మంది. బాంబులు కూడా నేను కళ్ళతో చూడలేదు. రంపపు పొట్టు నింపిన రెండు బకెట్లు చూశాను. ఆ రోజుల్లో మా పక్క రంపపు పొట్టులో కోడిగుడ్లు ఎవరూ మోసేవారు కాదు. గుండీలు మాత్రం నాలుగే. అందులో మార్పు లేదు.

ఆ మనిషి పేరు దేవపాలు. జమ్మలమడుగు నుంచి పెద్దముడియం పోయే దోవలో ఉంది మా ఊరు. ఆయన తండ్రి దాసయ్య పరాయి చేలల్లో కూలి చేసి కొడుకును మిషన్ బడిలో వేశాడు. చైనా యుద్ధం అయిపోయాక సైన్యంలోకి మనుషుల్ని తీసుకుంటున్నారని విని దేవపాలు ప్రొద్దుటూరుకు నడిచిపోయాడు. ఛాతీ కొలత అర అంగుళం తక్కువ వచ్చిందని ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఆ ఊపిరిని పదిహేడేళ్ళ తర్వాత, హవల్దారుగా రిటైరై మా ఊళ్ళో బస్సు దిగినప్పుడే వదిలాడని నేను పిల్లలకు చెబుతుంటాను.

వచ్చేటప్పుడు నల్ల ఇనుప పెట్టె ఒకటి తెచ్చాడు. అందులో కలరా ఉండల మధ్య ఆయన ఉత్సవాల యూనిఫారం ఉండేది. ముదురాకుపచ్చ ఉన్నికోటు, దానికి ఆరు ఇత్తడి గుండీలు, రొమ్ము మీద మూడు పతకాలు, టోపీ, నల్ల బూట్లు. గుండీలను ఆయన భార్య రత్నమణి నెలకోసారి చింతపండుతో తోమేది. ఇంట్లో చెంబుల వంతు ఆ తర్వాతే.

ఆ పెట్టె ఎప్పుడు తెరవాలో దేవపాలుకు ఖాయంగా తెలుసు. ఆగస్టు పదిహేను, జనవరి ఇరవై ఆరు. అప్పుడైనా ఇంట్లో వేసుకునేవాడు కాదు. నేను ఊరి బడిలో హెడ్మాస్టర్‌ని. పంచె కట్టుకుని, సంచి చేతబట్టుకుని నా గదికి వచ్చి, తలుపు వేసుకుని అరగంటకు హవల్దారై బయటికొచ్చేవాడు. జెండా ఎగిరాక మళ్ళీ పంచె కట్టుకుని ఇంటికి పోయేవాడు. "దారిలో వేసుకుంటే ఏం పోయింది?" అని ఒకసారి అడిగాను.

"దావన పోతాంటే అంగడి కాడ ఎవరో ఒకరు బీడీకి అగ్గిపెట్టె అడుగుతారు అయ్యవారూ. కోటు ఏసుకోని అగ్గిపెట్టె తియ్యగూడదు."

కూతురు ఎలిజబెత్ పెళ్ళికి ఒకసారి వేసుకున్నాడు, అదీ నా గదిలోనే. బస్సులో ఎన్నడూ లేదు. కోర్టుకు సాక్షిగా పిలిచినప్పుడు వకీలు వేసుకురమ్మన్నా లేదు. క్రిస్మస్‌కు గుడికి వేసుకురమ్మని పాస్టరు అడిగితే, "ఆడ పెద్ద ఆఫీసరు వేరే ఉండాడు, ఆయన ముందర నా పతకాలేంటికి?" అన్నాడట.

పులివెందులలో ఒక పెళ్ళికి మేమిద్దరం కలిసి పోయాం. ప్రొద్దుటూరు నుంచి బ్యాండు మేళం వచ్చింది. క్లారినెట్ వాయించే ఆయనకు భుజాల మీద బంగారు కుచ్చులు, రొమ్ము నిండా జరీ తాళ్ళు. దేశంలో ఏ జనరల్‌కూ అంత జరీ ఉండదు. దేవపాలు అన్నం వదిలి లేచాడు. సెల్యూట్ కొడతాడనుకున్నాను. ఆ క్లారినెట్ ఆయన దగ్గరికి పోయి, వంకర టోపీని రెండు చేతులతో సరిచేసి, "ఏం ఏసుకున్నా నెత్తిన నేరుగా పెట్టుకోవాలప్పా" అని వచ్చి మళ్ళీ విస్తరి ముందు కూర్చున్నాడు. పెళ్ళి అయిపోయేదాకా ఆ క్లారినెట్ ఆయన తల తిప్పకుండా వాయించాడు.

ఇక దావూద్ గురించి చెప్పాలి. దావూద్ మా ఊరివాడే. దేవపాలును చూసి రెండేళ్ళ తర్వాత సైన్యంలో చేరి, అదే రెజిమెంటులో లారీ నడిపాడు. తిరిగొచ్చి ఊరి నడిమధ్య పంచరు అంగడి పెట్టాడు. ఊరి నడిమధ్య అన్న మాటకు మా ఊళ్ళో బరువుంది. పై వీధిలో మిద్దిల్లు, కింది వీధిలో కోటిల్లు. ఆ రెండు ఇళ్ళకూ పడదు. ఒక్కో ఇంటికి ఒక్కో పార్టీ. పార్టీలు మారేవి గానీ ఇళ్ళు మారేవి కావు. ఆ పగలో ఇటు ముగ్గురు, అటు ఇద్దరు పోయి ఉన్నారు. రెండు ఇళ్ళ జీపులూ పంచరుకు దావూద్ దగ్గరికే వచ్చేవి. "టైరుకు పార్టీ యాడుంది? గాలి ఉంటే చాలు" అనేవాడు. ఊళ్ళో ఏ పక్కా కాని అంగడి అదొక్కటే.

మండలాలు కొత్తగా వచ్చి ఎన్నికలు పడిన ఏడాది అది. ఎండలు మండుతున్నాయి. మిద్దింటి ఆసామి నామినేషన్ వేయడానికి రెండు రోజుల ముందు దేవపాలును పిలిపించాడు. నేనూ అక్కడే ఉన్నాను, బడి కప్పు గురించి మాట్లాడటానికి వెళ్ళి.

"ఏంరా దేవపాలూ, ఎల్లుండి జమ్మలమడుగుకు పోతాండాం. నువ్వు ఆ కోటు ఏసుకోని జీపులో నా పక్కన నిలబడాల."

"కుదరదయ్యా."

"ఏంటికి కుదరదు?"

"రాజకీయాల ఊరేగింపుకు యూనిఫారం ఏసుకోగూడదు. పార్టీ జెండా ఉన్నతావ ఆ కోటు ఉండగూడదు. రూలు. పంచె కట్టుకోని రమ్మంటే వస్తా."

"పంచెలోళ్ళు నాకు నూరు మంది ఉండారు. పక్కన మిలట్రీవోడు నిలబడితే ఎదుటోడు బాంబేసే ముందర రోంత ఆలోచన చేస్తాడు. అదీ నాకు కావాల్సింది."

"అయితే మీకు కావాల్సింది కోటు, నేను కాదు. కోటు నాది కాదయ్యా, గవర్నమెంటుది."

ఆసామి నవ్వాడు. ఆ వారం మైలవరం కాలువ నీటి వంతు దేవపాలు మడిని దాటి పక్క మడికి పోయింది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయన కూడా.

పోలింగు ఇంకా పది రోజులుందనగా దావూద్ లారీ చక్రానికి గాలి కొడుతూ ఎద పట్టుకుని కూర్చున్నాడు. జమ్మలమడుగు ఆస్పత్రికి తీసుకుపోయే దారిలోనే ప్రాణం పోయింది. శవం ఇంటికి చేరిన గంటకు మిద్దింటి నుంచి మనిషి వచ్చి, జనాజా మీద, అంటే పాడె మీద, తమ పార్టీ జెండా కప్పుతామని చెప్పాడు. ఇంకో అరగంటకు కోటింటి నుంచి ఇంకొకడు వచ్చి, వాళ్ళు కప్పితే దాని మీద మేం కప్పుతామని చెప్పాడు. దావూద్ వెనక ఊళ్ళో అరవై ముస్లిం ఇళ్ళున్నాయి. అరవై ఇళ్ళంటే రెండు వందల ఓట్లు. అసలు సంగతి అదీ.

దావూద్ భార్య ఖమర్‌బీ దేవపాలుకు కబురు పెట్టింది. ఆయన పోయేసరికి తలుపు చాటున నిలబడి ఉంది.

"అన్నా, నీ తమ్ముడు ఏ జెండా కింద బతకలే. మట్టిలోకి పోయేటప్పుడు ఏంటికి? ఆయన మింద ఒకరి గుడ్డ పడిందంటే నా అంగడి ఆ పక్కదైపోతాది. రేపటి నుంచి రెండోవాళ్ళకు మేము శత్రువులం. నేనూ నా బిడ్డా ఆ అంగట్లోనే బతకాల. ఈ ఒక్కటీ తప్పించు."

"నా మాట ఎవురు యింటారమ్మా?"

"నీ మాట యినరు. ఆ కోటు మాట యింటారేమో."

దేవపాలు ఇంటికి పోయి పెట్టె తెరిచాడు. ఆ కబురు విని నేనూ వెంటే పోయాను. రత్నమణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఈ ఎండల్లో ఉన్నికోటా? మాడిపోతావు!"

"తోటి సిపాయి చావుకు ఏసుకోవచ్చుమే. ఏసుకోవాల కూడా."

"మరి వాళ్ళు జెండా తెస్తే?"

"తెస్తే ఇప్పాల. అదీ రూలే."

మొదటిసారి ఆయన ఇంట్లో కోటు తొడుక్కుని వీధిలోకి వచ్చాడు. ఎవరూ అగ్గిపెట్టె అడగలేదు.

మూడు గంటలకు జనాజా లేచింది. ముందు దేవపాలు ఒక్కడే, చేతులు పక్కలకు ఆనించి, మెల్లగా అడుగులో అడుగు వేస్తూ. వెనక నలుగురి భుజాల మీద దావూద్, ఆ వెనక మేం. ఖబరస్తాన్‌కు పోవాలంటే మిద్దింటి ముందు నుంచే పోవాలి. అక్కడ వాళ్ళు యాభై మంది నిలబడి ఉన్నారు. వీధి రెండో కొసన కోటింటివాళ్ళు యాభై మంది. బకెట్లు వాళ్ళ వెనకే ఉన్నాయి. మిద్దింటి అరుగు కింద కూడా ఒకటుందని తర్వాత తెలిసింది. మొదటి లెక్కకు అదీ కలుపుకోండి.

మిద్దింటి ఆసామి అరుగు దిగి ముందుకొచ్చాడు. ఆయన మనిషి ఒకడు జెండా విప్పి, ఎవరినీ అడక్కుండా, జనాజా మీద కప్పాడు. కోటింటివాళ్ళ వైపు నుంచి ఒక అరుపు వినబడింది. వాళ్ళ జెండా కూడా పైకి లేచింది.

దేవపాలు ఆగాడు. ఆయన ముందు నిలబడితే వెనక జనాజా కదలదు. వెనక్కి తిరిగి దావూద్ మీదున్న గుడ్డను చూశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. మెడ కింద మొదటి గుండీ విప్పాడు.

"ఏంది దేవపాలూ, ఏం చేస్తాండావ్?" అన్నాడు ఆసామి. కోటు మీదుంది కాబట్టి ‘ఏంరా’ అనలేదు.

"ఇప్పుతాండానయ్యా. రూలు చెప్పినా కదా."

"ఇప్పితే ఇప్పు. నడువ్."

"అంతా ఇప్పినాక నడుస్తా."

రెండో గుండీ విప్పాడు. తొందర లేదు. నా గదిలో తలుపు వేసుకుని ఎంతసేపు తీసుకునేవాడో ఇక్కడా అంతే. మూడోది విప్పేసరికి లోపలి బనియను కనబడింది. భుజం దగ్గర రెండు చిల్లులు. వీధిలో కాకి కూడా అరవలేదని చెప్పాలనుంది గానీ, అరిచింది. చిన్న పిల్లవాడు ఎవరో ఏడ్చాడు కూడా. నాలుగో గుండీ దారం పుచ్చిపోయి ఉంది. చేతికి ఊడొచ్చి మట్టిలో పడింది. దేవపాలు వంగి తీసుకోలేదు.

అప్పుడు మిద్దె మీద నుంచి గొంతు లేచింది. నాగేంద్రమ్మ. ఆసామికి కన్నతల్లి. ఎనభై ఏళ్ళ మనిషి, పిట్టగోడ పట్టుకుని నిలబడి ఉంది.

"ఒరే! చచ్చినోని మింద గుడ్డ తియ్. బతికినోని మింద గుడ్డ ఉండనీ."

"మా, నువ్వు లోపలికి పో" అన్నాడు ఆసామి.

"నేను పోను. మీ నాయన కర్నూల్లో చచ్చినపొద్దు ఆ శవాన్ని జీపులో ఏసుకోని రాత్రంతా తోలుకోనొచ్చింది ఎవుర్రా? ఆ దావూద్ కాదూ? ఏ జెండా కప్పినాడు మీ నాయనకు? తన తువ్వాల కప్పినాడు. తియ్!"

ఆసామి తలెత్తి తల్లిని చూశాడు. చుట్టూ చూశాడు. కోటు తెరుచుకుని బనియనుతో నిలబడ్డ దేవపాలును చూశాడు. తర్వాత తన మనిషితో, "తీయ్ రా" అన్నాడు. వాడు జెండా మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఇక దేనిమీద కప్పాలో తెలియక కోటింటివాళ్ళ జెండా కూడా దిగింది. ఒకరి తర్వాత ఒకరు వీధి అంచులకు జరిగారు. బకెట్ల మీద ఎవరో తువ్వాల పరిచారు.

దేవపాలు మిగిలిన మూడు గుండీలూ పెట్టుకుని, టోపీ నేరుగా సర్దుకుని, నడిచాడు. ఖబరస్తాన్‌లో మట్టి వేశాక సెల్యూట్ చేశాడు. అక్కడి నుంచి నా గదికి వచ్చి, తలుపు వేసుకుని, పంచె కట్టుకుని ఇంటికి పోయాడు.

పంచరు అంగడి ఇప్పటికీ ఉంది. ఖమర్‌బీ అల్లుడు నడుపుతున్నాడు. రెండు ఇళ్ళ బండ్లూ గాలికి అక్కడికే వస్తాయి.

ఇదంతా రాసి మొన్న దేవపాలు ఇంటికి పోయి చదివి వినిపించాను. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి. మంచం మీద కూర్చుని చివరిదాకా విన్నాడు.

"అంతా అబద్ధం అయ్యవారూ" అన్నాడు.

"ఏది అబద్ధం?"

"ఎండ. ఉన్నికోటు. గాలి ఆడక ఇప్పినా."

"జనాజా మీద జెండా?"

"నేను చూడలే."

"నాగేంద్రమ్మ అరిచిన మాట?"

"ఆయమ్మ మెల్లగా మాట్లాడే మనిషి. అరవలే."

నేను లేచి పెట్టె తెరిచాను. కోటుకు మూడు ఇత్తడి గుండీల కింద, నాలుగోదాని తావులో, చొక్కాకు కుట్టే తెల్ల గుండీ ఒకటి ఉంది. వేలితో చూపించాను.

"మరి ఇదేంది?"

"ఎలకలు కొరికినాయి" అన్నాడు దేవపాలు. "పెట్టె మూయ్. ఈ పొద్దు ఆగస్టు పదిహేను కాదు. నువ్వు చెప్పేటివేమీ జరగలే."