గుల్దాన్ మీది పూలు

నా చిన్నప్పుడు సరూర్‌నగర్‌లో మా ఇంటి అల్మారా మీద ఒక తెల్లటి చీనా గుల్దాన్ ఉండేది. మా తాతయ్య కొలువు చేసిన జాగీర్దారు కుటుంబం తమ దేవిడీ భవంతి అమ్ముకుని పోతూ ఇచ్చిన పింగాణీ పూలకూజా అది. దాని మీద పూలు చెక్కి ఉండేవి గాని, అంతా తెలుపు మీద తెలుపే. దగ్గరికి పోతే తప్ప కనిపించేవి కావు. మా నాయనమ్మ రోజూ దాన్ని కొంగుతో తుడిచేది. మమ్మల్ని ముట్టనిచ్చేది కాదు.

ఆమెకు చూపు తగ్గుతున్నదని మాకు తెలుస్తూనే ఉంది. చాయ్‌లో చక్కెరకు బదులు ఉప్పు వేసేది, గడప తన్నుకునేది. దవాఖానకు పోదామని నాన్న అంటే చాలు, ఇంతెత్తున లేచేది. "నా కండ్లకేమైందిరా? గా గుల్దాన్ మీద పెద్ద పువ్వు, కింద మూడాకులు, ఎడమకు వంగిన కాడ. నీకు కానొస్తున్నయా?" అని మంచం మీంచే గద్దించేది. నాన్న కళ్లు చిట్లించి చూసేవాడు, ఏమీ కనిపించక లేచి అల్మారా దగ్గరికి నడిచేవాడు. ఏం మనుషులమో మేము! ఆమె కళ్ల సంగతి వదిలేసి, అందరం పోయి ఆ పూలు చూసొచ్చేవాళ్లం. అచ్చం ఆమె చెప్పినట్టే ఉండేవి. ఏడాదంతా ఇదే తంతు.

మా పక్కింటి అక్కది గుంటూరు వైపు. ఈ గొడవ విని విని ఆమెకు విసుగొచ్చింది. ఒకరోజు నాయనమ్మ స్నానానికి పోగానే గుల్దాన్ తీసి లోపల పెట్టి, ఆ చోట మా తెల్ల పాలడబ్బా నిలబెట్టింది. నాయనమ్మ వచ్చి కూర్చున్నాక, "మామ్మగారూ, ఆ పూలెలా ఉన్నాయో నాకూ ఓసారి చెప్పరూ?" అంది.

నాయనమ్మ పాలడబ్బా వైపు తిరిగి పువ్వు చెప్పింది, ఆకులు చెప్పింది, కాడ చెప్పింది. మాలో ఒక్కరికీ నవ్వు రాలేదు. తుడిచి తుడిచి ఆ పూలు ఆమె వేళ్లకు కంఠస్థమయ్యాయని అప్పుడు తెలిసింది మాకు. అక్క గుల్దాన్ తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. నాయనమ్మ దాన్ని పువ్వు నుంచి కాడ దాకా తడిమింది. తర్వాత, "కంట్ల కత్తి పెడతరంటె భయం బిడ్డా," అంది.

అక్కే ఆటో పిలిచింది. ఒక కన్ను అప్పటికే పోయిందన్నారు డాక్టరు, రెండోది దక్కింది. నాకు నాయనమ్మ మీద ఎంత కోపమొచ్చిందో, మా అందరి మీదా అంతకు రెట్టింపు వచ్చింది. ఇంట్లో ఇంతమందిమి ఉండి, దేనికి భయమని ఆమెను ఒక్కరం అడిగిన పాపాన పోలేదు.

ఇప్పుడు ఎల్బీనగర్‌లో మా ఇంట్లో ఎవరైనా "నాకేం కాలేదు, మంచిగనే ఉన్న" అన్నారంటే నాకు ఒళ్లు మండుతుంది. రుజువులు చూపించారా, ఇంకా మండుతుంది. వాదన పెట్టుకోను. ముందు ఆటో పిలుస్తాను. దేనికి భయమో దారిలో అడుగుతాను.