తాత ఒప్పుకున్న హత్య

మొన్న ఆదివారం భోజనాలయ్యాక, హోసూరులో మా అబ్బాయి ఇంట్లో, మనవరాలు సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఫోనులో ఏదో సీరియల్ చూస్తూ ఊపిరి బిగబట్టింది. ఎప్పుడో ముప్పై ఏళ్ళ కిందటి హత్యను ఒక పోలీసమ్మాయి పాత దుప్పటికి అంటుకున్న వెంట్రుకతో తేల్చేస్తుందట. ఆ వెంట్రుక కోసం వాళ్ళు పడే అవస్థ చూసి నాకు నవ్వాగలేదు. మనింట్లోనూ ఒక పాత హత్య కేసు ఉండేదే, దాన్ని నేను వెంట్రుకా గోరూ లేకుండా ఒక్క మాటతో తేల్చాను అన్నాను. ఆ పిల్ల ఫోను పక్కన పడేసి నా దగ్గరికి జరిగింది. ఈ కాలంలో మనవరాలు ఫోను పక్కన పెట్టిందంటే అది ఎంత గౌరవమో నా ఈడువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ కేసులో హంతకుడు మా తాత, మా అమ్మను కన్న తండ్రి. వేప్పనపల్లి దగ్గర పల్లెలో మామిడితోటా, కాస్త మెట్ట పొలమూ చూసుకుంటూ బతికిన మనిషి. ఎంత మెత్తనివాడంటే, కాయలు కొరికే ఉడతను అదిలించాలన్నా ముందు ఒకసారి దగ్గి, అది దిగిపోయేదాకా ఆగేవాడు. అలాంటివాణ్ణి చుట్టుపక్కల ఊళ్ళన్నీ చంపినోడు అనేవి, నేను పుట్టకముందు నుంచీ అనేవి. మీ అమ్మ పుట్టిల్లు ఏది అని ఎవరైనా అడిగితే చెప్పడానికి నాకు చిన్నప్పుడు నోరొచ్చేది కాదు.

జరిగింది ఇదీ. కుప్పం దారిలో పక్క ఊరి పెళ్ళికాని కుర్రాడొకడు ఎద్దును తోలుకుని హోసూరు దగ్గర ఎద్దుల సంతకు పోయి, మళ్ళీ ఇంటికి రాలేదు. వాళ్ళ అన్నలు వెతుక్కుంటూ తిరిగితే, ఒక కొమ్ము కిందికి వంగిన ఆ ఎద్దు మా తాత కొట్టంలో తాపీగా గడ్డి మేస్తూ కనిపించింది. వెంటనే పోలీసుకు చెప్పారు. వచ్చిన పోలీసాయన దక్షిణం వైపు నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చినవాడు, తెలుగు ముక్క రాదు. మూడు రాష్ట్రాలు కలిసే మా వైపు అలవాటు ఎలాంటిదంటే, ఎవరు తమిళంలో అడిగినా, కన్నడంలో అడిగినా మేము తెలుగులోనే జవాబిస్తాం, వాళ్ళూ వాళ్ళ మాటలోనే మాట్లాడతారు, ఎవరి మాట వాళ్ళదే అయినా పనులు చక్కగా జరిగిపోతుంటాయి. ఆయన ఎద్దువైపు వేలు చూపించి ఏం చేశావురా అని తమిళంలో గద్దిస్తే, తాత అలవాటు ప్రకారం తెలుగులో చెప్పాడు. ఏం చెప్పాడో కొట్టంలో విన్నది ఆ పోలీసాయన ఒక్కడే. ఆయన బయటికొచ్చి, వీడే ఒప్పుకున్నాడని అన్నలతో అని, తాతను జీపెక్కించుకుని పోయాడు.

శవం దొరకలేదు, చూశానన్నవాడు లేడు, కొన్నాళ్ళకు తాతను వదిలేశారు. ఊరు మాత్రం వదల్లేదు. ఇందులో నవ్వొచ్చే సంగతి ఒకటుంది. పోలీసు దగ్గర నువ్వే ఒప్పుకున్నావంట కదా అని ఎవరడిగినా తాత తడుముకోకుండా, "అవునప్పా, ఉండేది ఉన్నట్టు చెప్పినాను. మళ్ళీ అడిగినా అదే చెప్తాను" అనేవాడు. అడిగినవాళ్ళు నోరెళ్ళబెట్టి, ఈ ముసలాయన గుండెలు తీసిన బంటు అనుకుంటూ పోయేవారు. కానీ ఆ మాటలు ఆయన్ను లోలోపల తినేశాయి. మా అమ్మ పెళ్ళినాడు కూడా పందిట్లోకి రాకుండా కొట్టం దగ్గరే కూర్చుండిపోతే, కన్యాదానం చిన్నతాత చేశాడట.

నాకు ఊహ తెలిసి ఉద్యోగంలో చేరేనాటికీ పరిస్థితి అదే. కృష్ణగిరిలో నేను టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసేదాన్ని. తలకు హెడ్‌సెట్టు తగిలించుకుని, ఎదురుగా బోర్డులో ప్లగ్గులు గుచ్చి తీస్తూ, ఊరికీ ఊరికీ మధ్య ట్రంకాలు కలిపిచ్చే ఆ పనంటే నాకు ప్రాణం. మామిడికాయల రోజుల్లో అయితే వ్యాపారుల అరుపులతో చెవులు గింగురుమనేవి. ట్రంకాల్లో మెల్లగా మాట్లాడితే అవతలి ఊరికి చేరదని అందరికీ గట్టి నమ్మకం. నాకు హోసూరు సంబంధం కుదిరింది ఆ రోజుల్లోనే. శుభలేఖ తీసుకుని ఉత్సాహంగా పల్లెకు పోతే తాత దాన్ని కళ్ళకద్దుకుని, "నేను రానులే తల్లీ. కొత్త సంబంధం, నన్ను చూసి నలుగురూ నాలుగు మాటలంటారు. ఈడ్నుంచే అక్షింతలేస్తాను" అన్నాడు. నన్ను భుజాన కూర్చోబెట్టుకుని తోటంతా తిప్పిన మనిషి లేకుండా నాకు పెళ్ళేమిటి? బస్సులో కృష్ణగిరి దాకా ఏడుస్తూనే వచ్చాను.

ఆ తర్వాత కొద్ది రోజులకే నా పక్క బోర్డు మీద పనిచేసే అమ్మాయి ఉన్నట్టుండి హెడ్‌సెట్టు తీసి పారేసి కుర్చీలోంచి లేచి నిలబడింది. తిరునెల్వేలి వైపు నుంచి కొత్తగా వచ్చిన పిల్ల, మహా భయస్తురాలు. లైను సరిగా ఉందా అని ఒక్క క్షణం చెవి పెట్టి విన్నదట, అవతల ఎవరో మగమనిషి ఇద్దరిని చంపేశానని నవ్వుతూ చెబుతున్నాడట! నేను గబుక్కున ఆ లైను విన్నాను. మాకు బాగా తెలిసిన మామిడి మండీ వ్యాపారి, బయటూళ్ళో ఉన్న తమ్ముడితో తోటల బేరం గురించి, "కొన్నానప్పా, కొన్నాను! రెండూ ఈ పొద్దే కొన్నాను!" అని ఆనందంగా అరుస్తున్నాడు. తమిళంలో కొన్నేన్ అంటే చంపాను అని, కొన్నాన్ అంటే చంపాడు అని. పాపం ఆ పిల్లకు తెలుగు తోటలు రెండు శవాలుగా వినబడ్డాయి. విషయం తెలిసి గదిలో అందరూ పడీపడీ నవ్వారు, నేనూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాను. నవ్వుతూ నవ్వుతూనే నాకు మా తాత కొట్టం, వంగిన కొమ్ము ఎద్దు, తెలుగు రాని పోలీసాయన గుర్తొచ్చి చేతిలోని ప్లగ్గు చేతిలోనే ఉండిపోయింది.

సెలవు పెట్టి మర్నాడే పల్లెకు పరుగెత్తాను. తాత తోటలో రాలిన ఆకులు పోగు చేస్తున్నాడు. ఆ రోజు కొట్టంలో పోలీసాయనతో ఏం చెప్పావో అక్షరం పొల్లుపోకుండా చెప్పమన్నాను. తాత నన్ను వింతగా చూసి, "ఏముందమ్మా చెప్పేదానికి? కొన్నాను సామీ, సంతలో కొన్నాను, అందురూ చూస్తా ఉండంగానే కొన్నాను, అనినాను" అన్నాడు.

నేను అక్కడే ఆకుల కుప్ప మీద కూలబడి నవ్వాను, ఏడ్చాను, మళ్ళీ నవ్వాను. ఒకటికి మూడుసార్లు చంపానని అంత ధీమాగా చెబితే ఆ పోలీసాయనకు ఒళ్ళు జలదరించి ఉంటుంది. తాతకు తమిళం అర్థమవుతుంది కానీ, తన తెలుగు ఇంకొకరి చెవిలో తమిళమైపోతుందని ఆయనకెలా తోస్తుంది? నవ్వు తగ్గాక అసలు ప్రశ్న అడిగాను. ఎద్దును అమ్మాక ఆ కుర్రాడు ఏమన్నాడు?

"అంచెట్టికి నడిచి పోయే దావ తెలుసును, బస్సు యాడ నిలుస్తుందప్పా అని అడిగినాడు. ఆడ అని చూపించినాను."

మరి ఇన్నేళ్ళూ ఆ సంగతి ఎవరికీ ఎందుకు చెప్పలేదు తాతా అంటే, "ఎవురు అడిగినారు తల్లీ? అందురూ యాల చంపితివనే అడిగినారు గానీ, వాడు ఏ బస్సెక్కినాడని ఒక్కరూ అడగలేదే" అన్నాడు. ఆ జవాబు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆ అమాయకత్వాన్ని ముద్దాడాలనిపిస్తుంది.

మా మేనమామను వెంటబెట్టుకుని హోసూరు మీదుగా కొండల్లో ఉన్న అంచెట్టికి బయలుదేరాను. ఆ కొండల దారిలో బస్సు మూలిగిన మూలుగు, కిటికీలోంచి వెదురు ఆకుల వాసన, పక్కన కోళ్ళగంపతో కూర్చున్న ముసలమ్మ మా కథంతా విని తానూ దిగుతానని పట్టుబట్టడం, అవన్నీ రాయాలంటే వేరే పుస్తకం కావాలి. మనిషిని పట్టుకోవడం మాత్రం చిటికెలో పని. కుప్పం వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని టీకొట్లో అడిగితే, అడగడం పూర్తికాకముందే నలుగురు నాలుగు చేతులతో ఒకే ఇంటిని చూపించారు. జుట్టు నెరిసి, బొజ్జ వచ్చి, గుమ్మంలో మనవణ్ణి ఆడిస్తూ కూర్చున్నాడు చచ్చినవాడు! పశువులను కొండల్లో మేపడానికి తోలుకొచ్చినప్పుడు ఆ ఊరి పిల్ల మీద మనసు పడ్డాడట. అన్నలు ఒప్పుకోరని తన వాటా ఎద్దును అమ్ముకుని వచ్చి పెళ్ళి చేసుకున్నాడట. కోపంతో వాళ్ళే తనను వదిలేశారనుకుని ఇన్నాళ్ళూ తానూ అలిగి కూర్చున్నాడట. నిన్ను చంపారని ఒక మనిషి ఇంకా నింద మోస్తున్నాడని మేనమామ చెప్పగానే ఆయన మనవణ్ణి దింపి లేచాడు. చొక్కా తొడుక్కుని, భార్యను కూడా రమ్మని, మాకంటే ముందు బస్టాపుకు నడిచాడు.

మేము పల్లెలో దిగిన సాయంత్రం చూడాలి! ఆయన్ను ముందు గుర్తుపట్టిన పెద్దావిడ బిందె వదిలేసి ఇంట్లోకి పరుగెత్తి తలుపేసుకుంది. కబురు పోయి, తమ్ముడికి ఎప్పుడో కర్మలు కూడా చేసేసిన అన్నలు వచ్చి, వాణ్ణి గిచ్చి చూసి, కౌగిలించుకుని, ఇంత పని చేస్తావా అని వీపు మీద నాలుగు వడ్డించి, మళ్ళీ కౌగిలించుకున్నారు. తాత అరుగు మీద నుంచి లేవలేదు. తిరిగొచ్చినాయనే పోయి తాత కాళ్ళు పట్టుకుంటే, లేవనెత్తి కాసేపు ముఖంలోకి చూసి, "నీ ఎద్దు బాగా దున్నిందప్పా" అన్నాడు. ఆ మాట విని, తలుపేసుకున్న పెద్దావిడ కూడా బయటికొచ్చి కళ్ళొత్తుకుంది.

నా పెళ్ళికి తాత కొత్త పంచె కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు, పక్కన ఆయన చంపినవాడు. పెళ్ళికొచ్చినవాళ్ళు పెళ్ళికూతుర్ని వదిలేసి వాళ్ళిద్దరినీ చూశారు, నాకు కించిత్తు కూడా కోపం రాలేదు. మా తిరునెల్వేలి అమ్మాయి కూడా వచ్చింది. తాత ఆమె తలమీద చెయ్యిపెట్టి, నాకంటే ముందు ఆ పిల్లకు దీవెన ఇచ్చాడు.

ఇదంతా విని మనవరాలు కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వడం అయ్యాక, అవ్వా, ఇప్పుడైతే ఇలా జరిగే పనే లేదు, మేము ఆర్డర్ పెట్టినాము అంటాము కదా అంది. నిజమే. మా ఇంట్లో బియ్యం దగ్గర నుంచి బల్లకుర్చీల దాకా అన్నీ ఆర్డర్ పెడతారు, వస్తాయి. కొన్నాను అనే మాట ఈ ఇంట్లో విని ఎన్నాళ్ళయిందో ఆలోచిస్తే గుర్తు రాలేదు. నిన్న పొద్దున నేనే నడుచుకుంటూ మార్కెట్టుకు పోయి మూర మల్లెపూలు తెచ్చాను. అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఎందుకో బుద్ధి పుట్టి, ట్రంకాలులో వ్యాపారిలాగా, "కొన్నానప్పా, కొన్నాను!" అని గట్టిగా అన్నాను. ఒరిస్సా నుంచి వచ్చిన కాపలా కుర్రాడు అది తెలుగనీ అనుకోలేదు, తమిళమనీ అనుకోలేదు. చిరునవ్వుతో నాకొక సెల్యూట్ కొట్టి గేటు తీశాడు. ఆ మాటకు ఉలిక్కిపడే మనిషి ఒక్కరైనా ఉంటే బాగుండుననిపించింది.