ఐదు పేర్ల బండి

దామోదర్‌కు ఒక తెల్ల కారు ఉంది. తన గురించి అంతకుమించి చెప్పవలసింది లేదని అతని నమ్మకం. అది దాదాపు నిజం.

చిట్యాల దాటి నకిరేకల్ వైపు పోతుంటే, హైవే దిగి మూడు కిలోమీటర్లు లోపల అతని ఊరు. తండ్రి గుర్వయ్య గొర్లకాపరి. నూట ఇరవై జీవాల మంద ఆయనది. ఏ పిల్ల ఏ తల్లిదో, ఏది రాత్రి మేత నెమరేయలేదో, చూసి చెప్పేవాడు. కొడుకు పదో తరగతి తప్పిన తర్వాత కూడా మంద వెంట ఒక్క రోజు నడవలేదు. ఎండ పడదన్నాడు. ఆ మాటను ఇరవై ఏళ్లుగా నిలబెట్టుకున్నాడు. అతను నిలబెట్టుకున్న మాట అదొక్కటే.

తెలంగాణ వచ్చిన నాలుగేళ్లకు సగం మంద అమ్మించి కారు తెచ్చాడు. పాతదే. కిరాయికి తిప్పుతానని తండ్రికి చెప్పాడు. తిప్పలేదు. కిరాయి బండిలో నాయకులు కూర్చోరట. నాయకులు కూర్చోవాలి. ఎందుకంటే దామోదర్‌కు మార్కెట్ కమిటీలో డైరెక్టర్ కావాలని ఉంది.

చైర్మన్ కాదు. అంత ఊహ లేదు. డైరెక్టర్లు పది పన్నెండు మంది ఉంటారు, వాళ్లలో ఒకడు. ఏడాదికి కొన్ని మీటింగులు, రెండో వరుసలో కుర్చీ, ఒక శాలువా, శిలాఫలకం మీద కింది నుంచి రెండో పేరు. దీనికోసం ఏడేళ్లు తిరిగాడు. ఆ ఏడేళ్లలో మూడు కండువాలు మార్చాడు. పాతవి పారేయలేదు. ఉతికించి, మడతపెట్టి, ట్రంకుపెట్టెలో కలరా ఉండలు వేసి దాచాడు.

కారులో స్టీరింగు పక్కన ఒక తెర ఉంది. ఫోన్‌ను దానికి కలిపితే ఫోన్‌లో పాట బండిలో మోగుతుంది. దారి చూపే పటం తెర మీదికి వస్తుంది. ఒకసారి కలిపిన ఫోన్ పేరును బండి దాచుకుంటుంది. ఆ ఫోన్ మళ్లీ దగ్గరికి వస్తే ఎవరినీ అడగకుండా తనే కలుపుకుంటుంది. అయితే ఐదు పేర్లకే చోటు. ఆరో ఫోన్ రావాలంటే ఉన్నవాటిలో ఒకటి తీసేయాలి.

ఇదంతా కనిపెట్టింది దామోదర్ కాదు. అతని భార్య స్వర్ణ. బండి వచ్చిన వారానికే వీడియో ఒకటి చూసి, తన ఫోన్ కలిపింది. నిరుడు వానాకాలం గుర్వయ్యకు ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు నల్లగొండ దారిలో వాగు పొంగింది. స్వర్ణ పక్క సీటులో కూర్చుని, తెర మీద వేరే దారి పట్టి, పానగల్ మీదుగా దవాఖానకు చేర్పించింది. ఆ బండి ఒక మనిషికి పనికొచ్చింది ఆ ఒక్క రోజే.

దామోదర్ ఆ తెరకు వేరే పని పెట్టాడు. ఏ నాయకుడు బండెక్కినా, "అన్నా, మీ ఫోన్ ఇటియ్యుండ్రి, మీ పాట పెడుత" అనేవాడు. ఇప్పుడు ప్రతి నాయకుడికీ ఒక పాట ఉంటుంది. ఎన్నికలకు ముందు డప్పుతో, దరువుతో రాయించుకుంటారు. పాట మోగేది. నాయకుడు తన పేరు తాను విని, కిటికీలోంచి పొలాలను చూసేవాడు. ఆయన దిగిపోయినా పేరు తెరలో మిగిలేది.

అట్లా ఐదు పేర్లు నిండాయి. మొదటిది బండి అమ్మిన హైదరాబాద్ ఆఫీసరుది. ఆయనను దామోదర్ ఎన్నడూ చూడలేదు, పెద్ద ఆఫీసరని విన్నాడు. రెండోది స్వర్ణ. మూడు యాదగిరి, నాలుగు ఎల్లేశం, ఐదు గోపీకృష్ణ. ముగ్గురూ మూడు పార్టీల వాళ్లు. ఎల్లేశం రెండేళ్ల కింద చనిపోయాడు. దామోదర్ సొంత ఫోన్ ఆ వరుసలో లేదు. ఆ చోటు ఏ నాయకుడికైనా పనికొస్తుందని కలుపుకోలేదు.

హోటల్ ముందు బండి ఆపి, చాయ తాగేవాళ్లను పిలిచి ఆ వరుస చూపించేవాడు.

"సూడుండ్రి. అందరు నా బండెక్కినోళ్లే."

పొరుగింటి వెంకటయ్య ఒకసారి తలుపులోంచి వంగి చదివాడు. "అరే దామోదరూ, పడనోళ్లను అందర్ని ఒక్క డబ్బల పెట్టినవు గదరా. రాత్రిపూట కొట్టుకోరా?"

అందరూ నవ్వారు. దామోదర్ కూడా నవ్వాడు. తనను మెచ్చుకున్నారనుకున్నాడు.

ఈ ఏడు గాలి దశరథం వైపు తిరిగింది. మండలంలో ఇప్పుడు చెల్లేది ఆయన మాట. యాదగిరికీ ఆయనకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. డైరెక్టర్ల లిస్టు ఆయనే రాసి పంపాలి. దామోదర్ నాలుగో కండువా వేసుకుని మూడు నెలలు ఆయన గుమ్మం ముందు నిలబడ్డాడు. చివరికి ఒక రోజు దశరథం తల ఎత్తి చూశాడు.

"రేపు నకిరేకల్‌ల పెండ్లున్నది. నీ బండి తీస్కరా. లిస్టు ముచ్చట గూడ దారిల మాట్లాడుదాం."

ఆ సాయంత్రం దామోదర్ వాకిట్లో బండి కడిగి, లోపల కూర్చుని, తెర వెలిగించాడు. దశరథం ఫోన్‌కు చోటు చేయాలి. స్వర్ణ మందకు తవుడు కలిపి, చేతులు కడుక్కుని వచ్చి తలుపు దగ్గర నిలబడింది. గుర్వయ్య మంచం మీద ఉన్నాడు.

"ఎవలి పేరు తీస్తవు?" అంది స్వర్ణ.

"గదే సూస్తున్న."

"యాదగిరిది తియ్యి. నిరుడు సంది నీ ఫోనన్న ఎత్తిండా గాయిన?"

"మళ్ల గెలిస్తే?"

"గోపీకృష్ణది?"

"గాయిన బామ్మర్ది కలెక్టర్ ఆఫీసుల ఉన్నడు."

"గట్లయితే ఎల్లేశంది తియ్యి. సచ్చిపాయె గద."

"కొడుకున్నడు. రేపు నిలబడ్తే?"

"నిలబడ్తే తండ్రి ఫోన్ పట్టుకొని నిలబడ్తడా?"

గుర్వయ్య మంచం మీది నుంచి అడిగాడు.

"గా ఫోనోడు దగ్గరికొస్తే బండే పోయి అతుక్కుంటదా, బిడ్డా?"

"అవు మామా. అడుగది, చెప్పది."

ముసలాయన దొడ్డి వైపు చూశాడు. "తల్లి సచ్చిన పిల్లకు నాలుగిండ్లల్ల పాలు తాపితే గంతే. నాలుగు వాకిండ్ల కాడ అరుస్తది. మందల నిల్వది. ఎవడు పిలిస్తే వానెంబడి పోతది."

"నువ్వు జర ఊకో బాపూ," అన్నాడు దామోదర్.

తెర మీద ఒక పేరు నొక్కాడు. తీసేయమంటారా అని తెర అడిగింది. తీసేయమన్నాడు. స్వర్ణ వంగి చూసింది. ఆఫీసరు ఉన్నాడు. యాదగిరి ఉన్నాడు. చచ్చినాయన ఉన్నాడు. గోపీకృష్ణ ఉన్నాడు.

"గింతమందిల నేనే అగ్గువకు దొరికిన్నా నీకు?"

"నీదేమున్నదే. నువ్వు ఇంట్లనే ఉంటవు. ఎప్పుడంటే అప్పుడు పెట్టుకోవచ్చు."

ఆమె లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున దశరథం ముందు సీటులో కూర్చున్నాడు. ఆయన ఫోన్ ఆయన దగ్గర ఉండదు. దాన్ని పట్టుకుని నడవడానికి వెంకటేశ్ అని ఒక మనిషి ఉన్నాడు. వెంకటేశ్ వెనక కూర్చుని ఫోన్ అందించాడు. దామోదర్ దాన్ని తెరకు కలిపాడు. దశరథం పాట అందుకుంది. ఆయన వేళ్లతో మోకాలి మీద దరువేశాడు. దామోదర్ తల ఊపాడు. హైవే మీద లారీల మధ్య, తల ఊపుతూ బండి నడిపాడు.

"సౌండ్ పెంచురా. మంచిగ మోగుతున్నది."

పెంచాడు.

"నీ పేరు రాసిన," అన్నాడు దశరథం, రోడ్డునే చూస్తూ. "పొద్దూకాల లిస్టు పంపుతున్న."

దామోదర్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. తండ్రి దవాఖానలో ఉన్న మూడు రోజులూ తిరగని నీళ్లు.

ఫంక్షన్ హాలు ముందు బండ్లు కిక్కిరిసి ఉన్నాయి. ఖాళీ దొరికిన చోట ఆపాడు. అక్షింతలు వేశారు, ఫోటో దిగారు, తిన్నారు. దశరథం పక్కన కూర్చుని తినడానికి దామోదర్ ముగ్గురిని జరిపాడు. ఒంటిగంటకు దశరథం వచ్చి బండిలో కూర్చున్నాడు. వెంకటేశ్ ఫోన్ జేబులో వేసుకుని పాన్ తేవడానికి పోయాడు.

"ఏసీ ఎయ్యిరా. ఉడుకపోస్తున్నది."

దామోదర్ ఇంజన్ ఆన్ చేశాడు. తెర వెలిగింది. తనకు తెలిసిన ఫోన్ల కోసం వెతికింది. దశరథం ఫోన్ పాన్ డబ్బా దగ్గర ఉంది. ఆఫీసరు హైదరాబాద్‌లో ఉన్నాడు. ఎల్లేశం ఎక్కడా లేడు. పది అడుగుల దూరంలో, రెండు బండ్ల అవతల, యాదగిరి నిలబడి ఉన్నాడు. అప్పుడే రికార్డయిన తన కొత్త పాటను ఫోన్‌లో నలుగురికి వినిపిస్తున్నాడు.

అతని చేతిలో పాట ఆగింది. తెల్ల కారులో అందుకుంది. పొద్దున పెంచిన సౌండ్ తగ్గించలేదు.

వస్తున్నడొస్తున్నడు యాదగిరన్న.

తెర మీద పేరు కూడా వచ్చింది. పెద్ద అక్షరాలు. దామోదర్ దాని మీదికి వంగాడు. చేతికి దొరికింది నొక్కాడు. సౌండ్ ఇంకా పెరిగింది. బయట పెండ్లివాళ్లు తిరిగి చూశారు.

"ఎవని పాటరా గిది?" అన్నాడు దశరథం.

"అన్నా, గది పాతదన్నా. నేను కలుపలే. బండే కలుపుకున్నది."

"బండి కలుపుకున్నదా?"

"అవునన్నా. అడుగదన్నా గది."

దశరథం అతని చేయి పక్కకు నెట్టి, తనే తెరను నొక్కాడు. ఐదు పేర్ల వరుస వచ్చింది. పై నుంచి కిందికి చదివాడు. తన పేరు అట్టడుగున ఉంది. దాని పైన గోపీకృష్ణ, ఆ పైన ఎల్లేశం.

"సచ్చినోని కింద పెట్టినవు గదరా నన్ను."

అరవలేదు. దిగాడు. వెంకటేశ్ పాన్ పట్టుకుని ఎదురొచ్చాడు. ఇద్దరూ వేరే బండిలో కూర్చుని వెళ్లిపోయారు.

పాట మోగుతూనే ఉంది. ఇంకో మనిషి అయితే అప్పుడు ఇంజన్ ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకునేవాడు. దామోదర్ అద్దంలో చూసుకున్నాడు. మెడలో కండువా తీసి సీటు కింద కుక్కాడు. దిగి, రెండు బండ్లు దాటి, యాదగిరి ముందు వంగి దండం పెట్టాడు.

"అన్నా, నమస్తే. మీ పేరు తియ్యలే అన్నా. అందరు తియ్యిమన్నరు. నేను తియ్యలే. ఇనుండ్రి, ఇప్పటికీ మీ పాటే."

యాదగిరి తన ఫోన్‌ను చూశాడు, తెల్ల కారును చూశాడు. "పాట ఏడికి పాయెరా అనుకుంటున్న. నీ బండ్లకు దుమికిందా?" పక్కనున్న డ్రైవర్‌కు ఫోన్ ఇచ్చాడు. "గా బండి మళ్ల తగులకుంట జెయ్యి."

డ్రైవర్ రెండుసార్లు నొక్కాడు. తెల్ల కారులో పాట చరణం మధ్యలో తెగిపోయింది. యాదగిరి చేతిలో మళ్లీ మొదలైంది. అతను నలుగురి వైపు తిరిగాడు.

పొద్దుగూకేసరికి లిస్టు ఊరి గ్రూపులోకి వచ్చింది. దామోదర్ మూడుసార్లు చదివాడు, తన పేరు దొరకలేదు. తర్వాత వాకిట్లో బండిలో కూర్చుని స్వర్ణను పిలిచాడు.

"నీ ఫోన్ ఇటియ్యి. కలుపుత."

ఆమె మందను దొడ్డిలోకి తోలుతోంది. వెనక్కి చూడలేదు. "జాగున్నదా?"

"చేస్త. ఎవలిది తియ్యాల్నో చెప్పు."

"నిన్ననే చెప్పిన."

గొర్లు లోపలికి పోయాయి. ఆమె తడిక పెట్టి, తాడు చుట్టింది. దామోదర్ తెర మీద వరుసను చూశాడు. ఆఫీసరు. యాదగిరి. ఎల్లేశం. గోపీకృష్ణ. దశరథం. ఆయన కోపం తగ్గవచ్చు. వేలు ఎల్లేశం పేరు మీద ఆగింది.

ఆయన కొడుకు గుర్తొచ్చాడు. వేలు వెనక్కి తీసుకున్నాడు.