మూలుగ బొక్క ముందు నా గుణం

ముందే ఒప్పుకుంటున్నాను, నేను ఉన్నదాన్ని నాలుగింతలు చేసి చెప్పే మనిషిని. నేను చెప్పే వానలో చెరువులు తెగుతాయి, మా వీధిలో మాత్రం చెప్పులు తడుస్తాయి. అందుకని నేను మూర అంటే మీరు జానెడు అనుకోండి, వందమంది అంటే పాతికమందిని వేసుకోండి. ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, జనం బండ్ల మీద ఏపీ చెరిపి టీఎస్ రాయించుకుంటున్నప్పుడు, నేను నల్గొండలో ఒక సర్కారు ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తాను. మనిషిని చూడగానే గుణం చెప్పేస్తానని నాకు పెద్ద పేరుండేది (ఆ పేరు పెట్టుకున్నది నేనే). చాయ్‌లో బిస్కెట్ ముంచే తీరును బట్టి మనుషులను తేల్చేవాణ్ని. విరగకముందే తీసేవాడు పిరికివాడు, విరిగేదాకా ఉంచేవాడు బద్ధకస్తుడు, అసలు ముంచనివాడితో జాగ్రత్తగా ఉండాలి. నా బిస్కెట్ రోజూ విరిగి గ్లాసు అడుగున పడేది. అది బిస్కెట్ తప్పు.

అట్లాంటి నన్ను తూచే మనిషి పానగల్‌లో ఒకాయన ఉన్నాడు. మా బావ ఆ ఊరి పిల్లను నాకు చూశాడు. పెళ్ళిచూపుల్లో ఆమె నాతో మాట్లాడింది ఒక్కటే మాట, "మీ అంగీ గుండీలు తప్పు వెట్టుకున్నరు" అని. చూసుకుంటే నిజమే. ఆ క్షణాన నా వైపు నుంచి సంబంధం ఖాయమైపోయింది, ఇక తేలవలసింది వాళ్ళ వైపే. వాళ్ళింట్లో చెల్లే మాట పిల్ల మేనమామది. ఊరంతా ఆయన్ను తూకం మామ అంటారు. అప్పటికే పదకొండు సంబంధాలు (మీరు నాలుగు అనుకోండి) తిప్పి పంపాడని వినికిడి. ఒకడు బండికి స్టాండు వేయకుండా గోడకు ఆనించాడట, ఇంకొకడు తన తమ్ముడు మాట్లాడుతుంటే ఫోన్ చూసుకున్నాడట. ఆ మామ, తన మనవడి పుట్టువెంట్రుకలకు యాటపోతును కోస్తున్నామని, పిలగాణ్ని కూడా తోలుకురమ్మని కబురు పెట్టాడు.

పానగల్ దాకా బండి మీద వెనక కూర్చున్న మా బావ నా చెవిలో భయం పోస్తూనే ఉన్నాడు. "దావత్ అనుకుంటున్నవా బామ్మర్ది, పరీక్ష అది. మూలుగ బొక్క ఏసి సూస్తడట. సప్పుడు జేస్తూ జుర్రితే ఆశపోతు. పక్కకు వెడితే గర్వం. విస్తరికి కొట్టి తీస్తే పిసినారి. ఇంకోటి అడిగితే ఇగ సక్కగ ఇంటికే."

మరి ఎట్లా తినాలని అడిగాను. "నాకేం ఎరుక, మీ ఇంట్ల నాకు పప్పు వోసి పిల్లనిచ్చిండ్రు" అన్నాడు.

టెంటు కింద చాపలు పరిచి ఎదురెదురుగా రెండు వరుసల బంతి వేశారు. నాకు సరిగ్గా ఎదురుగా తూకం మామ. ఆయన మీసాలు చూడగానే, అలవాటు కొద్దీ, ఈయన దయాదాక్షిణ్యాలు లేని మనిషని నేనూ తూచేశాను. ఇంతలో వడ్డించే అతను వచ్చి నా విస్తరిలో మూర పొడుగు తొడ ఎముకను, అదే మూలుగ బొక్కను, వేసి వెళ్ళాడు. దాని కొసన మూలుగ నిగనిగలాడుతోంది. అన్నం అంతా తినేసి, దాని ముందు కూర్చుని ఆలోచన మొదలుపెట్టాను. జుర్రితే ఆశ, వదిలితే గర్వం, కొడితే పిసినారితనం. తల ఎత్తి చూస్తే బంతిలో వందమందీ చేతులు ఆపి నన్నే చూస్తున్నారు. అందరూ కలిసి నా గుణం కట్టేస్తున్నారనుకున్నాను. అసలు సంగతి ఏమిటంటే వాళ్ళ తిండి ఎప్పుడో అయిపోయింది. మా దగ్గర బంతిలో కొత్త చుట్టం తింటుండగా ఎవరూ లేవరు, లేస్తే ఆయన్ను అవమానించినట్టు. పాపం వందమందీ వేళ్ళకు మెతుకులు ఎండిపోయి, నా కోసం కూర్చుని ఉన్నారు. నా పక్కన ఒక పెద్దాయన కునుకు కూడా తీస్తున్నాడు. రెండో బంతి వాళ్ళు టెంటు గుంజలు పట్టుకుని, ఏడ్చే పిల్లలను ఊరడిస్తూ, నా విస్తరి వైపే చూస్తున్నారు. నాకు ఇదేదీ తట్టలేదు. అట్లా అరగంట గడిచింది.

చివరికి పిల్ల వాళ్ళ అవ్వ నీళ్ళ చెంబుతో వచ్చి నా పక్కన వంగింది. "బిడ్డా, దాన్ని తింటవా, నన్ను తీసి వెట్టమంటవా? ఎనుకాల బంతోళ్ళు ఆకలితోని సస్తున్నరు."

అప్పుడు తూకం మామ నోరు తెరిచాడు. "ఏమైంది పిలగా, కూర మంచిగ లేదా?"

దారి పొడుగునా ఎన్నో మర్యాద మాటలు కూడబెట్టుకుని వచ్చాను. ఒక్కటీ రాలేదు. "కూర మంచిగనే ఉంది మామా. గీ బొక్కను ఎట్ల తింటే పిల్లనిస్తరో తెల్వక సూస్తున్న" అనేశాను.

ముందుగా ఇంటి తలుపు చాటు నుంచి ఒక నవ్వు వచ్చింది, అది నా గుండీలు పట్టేసిన పిల్లదే. తర్వాత వందమందీ అందుకున్నారు. మామ మాత్రం నవ్వలేదు. తన విస్తరిలోకి ఇంకో బొక్క వేయించుకుని, పిడికిలి మీద ఠపీమని కొట్టి, పక్క ఊరికి వినబడేటట్టు జుర్రాడు. మీసానికి మూలుగ అంటుకుంది. "నేను గిట్ల తింట. మరి నా గుణమేందో జెప్పు" అన్నాడు. బొక్క తూకం అంతా మా బావ ఎక్కడో విన్న పుకారని అప్పటికి గానీ అర్థం కాలేదు. నేనూ పిడికిలి మీద కొట్టాను. మూలుగ ఎగిరి కునుకు తీస్తున్న పెద్దాయన విస్తరిలో పడింది. ఆయన కళ్ళు తెరిచి, ఏమీ అడగకుండా తినేశాడు. మామ చేతులు కడుక్కుంటూ మా బావతో, "గంతసేపు మూలుగను ముందల వెట్టుకొని ఊకున్నోడు మన పిల్లతోని ఎన్నేండ్లయినా ఏగుతడు" అన్నాడు. రెండు నెలల్లో పెళ్ళయింది. ఇప్పటికీ పొద్దున్నే ఆమె మొదట చూసేది నా అంగీ గుండీలే.

ఇప్పుడు మావైపు దావతుల్లో కూడా పళ్ళెం చేతికిచ్చి నిలబెడుతున్నారు. మొన్న ఒక పెళ్ళిలో మామ, నేను ఒక మూలన కుర్చీలు వెతుక్కుని తిన్నాం. మేము తినేలోపు మా చుట్టూ మూడు గుంపులు మారిపోయాయి. ఎవరూ ఎవరి కోసమూ ఆగలేదు. ఎండిన చేతులతో వందమందిని కూర్చోబెట్టిన ఆ బక్కపలచటి పిలగాడి మీద నాకు కొంచెం అసూయ వేసింది.

ఇందులో పెంచినవన్నీ మీరు ఎట్లాగూ తగ్గించుకుని ఉంటారు. పూర్తిగా కల్పించింది మాత్రం ఒక్కటే, మామ తీర్పు. ఓపిక మాట ఆయన ఎత్తనే లేదు. ఆ రోజు మా బావతో ఆయన అన్నది ఇది: "గీ పిలగానికి అబద్ధమాడుడు రాదు, పిల్లనిద్దాం." అట్లాగే రాస్తే మీరు నమ్మరని మార్చాను.